మరిది చర్చిలో సాక్ష్యం చెబుతున్నాడు, నేను కోర్టు మెట్లెక్కుతున్నాను

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా ఆయన రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి పోయిన ఏడాది చనిపోయారు. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. అదే జబ్బు ఉన్న మా సంఘంలోని మరొకాయనకు వాళ్ల అక్క కిడ్నీ ఇచ్చింది, ఆయన బాగుపడ్డాడు. దేవుడు తనను బాగుచేశాడని ఆయన చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా నేను తలెత్తలేకపోతున్నాను. మా ఆయన పోయిన కొన్నాళ్లకే ఉమ్మడిగా ఉన్న రెండెకరాల పాసుబుక్కును మా మరిది తన పేరుకు మార్పించుకున్నాడు. ఇప్పుడతను సంఘ కమిటీలో ఉన్నాడు. కారు కొన్నాడు. దేవుడు దీవించాడని ముందు నిలబడి చెబుతాడు. నేను కేసు వేశాను. పెద్దలు "విశ్వాసులు కోర్టుకెళ్లకూడదు, క్షమించి వెనక్కి తీసుకో" అంటున్నారు. ఒకామె అయితే మా ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని అంది. మా పదిహేనేళ్ల అబ్బాయి చర్చికి రానంటున్నాడు. రాత్రులు నిద్ర లేదు. మోకరిస్తే నోరు పెగలడం లేదు. దేవుడు న్యాయవంతుడని నేను ఇంకా ఎలా నమ్మాలి?

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో రెండు అన్యాయాలున్నాయి. ఒకదానిలో చేసినవాడు కనబడుతున్నాడు, రెండోదానిలో ఎవరూ కనబడరు. మీ చుట్టూ ఉన్నవాళ్లు రెండింటినీ కలిపేసి "దేవుని చిత్తం" అని పేరు పెట్టి మీ నెత్తిన పెట్టారు. ముందు వాటిని విడదీద్దాం. మీ ఆయన ఎందుకు బాగుపడలేదో నేను చెప్పలేను, మీ పాస్టరు గారూ చెప్పలేరు. పొలం ఎందుకు పోయిందో మాత్రం అందరికీ తెలుసు. మీ మరిది తీసుకున్నాడు. మొదటిది దేవుణ్ణి అడగాల్సిన ప్రశ్న. రెండోది మీ మరిదిని, పెద్దలను, న్యాయస్థానాన్ని అడగాల్సిన ప్రశ్న. ఆ రెండోదానికి కూడా దేవుణ్ణే జవాబుదారీ చేసి మాట్లాడుతున్నారు కాబట్టే ఆయన మీకు అన్యాయస్థుడిలా కనిపిస్తున్నాడు.

ఆ ఒప్పుకోని పాపం మాటను ఇక్కడితో వదిలేయండి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో అందరికన్నా పాపులా అని యేసు ప్రభువే అడిగి, కాదని తానే చెప్పాడు. పుట్టుగుడ్డివాడి విషయంలో ఇతను పాపం చేశాడా, ఇతని కన్నవాళ్లా అని శిష్యులు అడిగితే ఎవరూ కాదన్నాడు. సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా అతనితో ఉన్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక అంతా ఆమె మీతో అన్నదే అన్నారు. చివరికి దేవునికి కోపం వచ్చింది యోబు మీద కాదు, తన గురించి సరిగ్గా మాట్లాడని ఆ ముగ్గురి మీద. పుట్టిన దినాన్ని శపించినవాడు, దేవునితో వాదం పెట్టుకున్నవాడు సరిగ్గా మాట్లాడాడని దేవుడే అన్నాడు. ఆ మాట మీరు యోబు గ్రంథం 42వ అధ్యాయంలో మీ కళ్లతో చదువుకోండి.

ఇక మీ ఆయన సంగతి. ఒకే సంఘం, ఒకే జబ్బు, ఒకే ప్రార్థన. ఒకరు ఇంటికి వచ్చారు, ఒకరు సమాధికి వెళ్లారు. ఇది బైబిల్లో లేని సంగతేమీ కాదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరవండి. హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. దాని గురించి ఆ గ్రంథకర్త లూకా రాసింది ఒక్క వాక్యం. ఆ వెంటనే పేతురును పట్టుకొని, నాలుగు జట్ల సైనికులను, అంటే పదహారు మందిని కాపలా పెట్టాడు. సంఘం ఆసక్తితో ప్రార్థించింది. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడాయి, ఇనుప గుమ్మం దానంతట అదే తెరుచుకుంది. పేతురు వచ్చి తలుపు తడితే రొదే అనే చిన్నది ఆనందంతో తలుపు తీయడం కూడా మరచిపోయి లోపలికి పరుగెత్తింది. మన పల్పిట్ల మీద ఎప్పుడూ చెప్పేది ఈ రెండో కథే. యాకోబు మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు?

ఆ అధ్యాయాన్ని యోహాను వైపు నుంచి చదవండి చెల్లెమ్మా. చచ్చిపోయినవాడు అతని సొంత అన్న. ఇద్దరూ ఒకే పడవలో వలలు బాగుచేసుకుంటూ ఉండగా ప్రభువు పిలిచాడు. బయటికి వచ్చిన పేతురు అతని ప్రాణ స్నేహితుడు. దేవాలయానికి ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు, చెరసాలకూ కలిసే వెళ్లారు. పేతురు విడుదలైన కబురు విన్నప్పుడు యోహాను ఏమనుకున్నాడో లూకా రాయలేదు. దూత అన్న దగ్గరికి ఎందుకు రాలేదని ఆయన అడగకుండా ఉన్నాడని నేను నమ్మను. యాకోబుకు విశ్వాసం చాలలేదని లేఖనం ఎక్కడా అనలేదు. పేతురుకు ఎక్కువుందనీ అనలేదు. నిజానికి ఆ రాత్రి ప్రార్థిస్తున్నవాళ్లే పేతురు వచ్చాడంటే నమ్మలేదు, ఆ పిల్లకు పిచ్చి పట్టిందన్నారు. అంత విశ్వాసానికే తలుపులు తెరుచుకున్నాయి. కాబట్టి మీ ప్రార్థన తక్కువైంది కనుక మీ ఆయన పోయాడనే లెక్క ఈ అధ్యాయం ముందు నిలబడదు.

ఒకరిని ఎందుకు విడిపించి ఒకరిని ఎందుకు విడవలేదో ఆ అధ్యాయం చెప్పదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం కూడా విశ్వాసం వల్ల కత్తిని తప్పించుకున్నవాళ్లనూ, అదే విశ్వాసంతో కత్తికి బలైనవాళ్లనూ ఒకే జాబితాలో రాసి ఊరుకుంటుంది. నన్ను ఆపేసేది మాత్రం ఇది. దేవుడు ప్రేమాస్వరూపి అనే మాట ఉన్న పత్రికను సంఘం తరతరాలుగా ఈ యోహాను రాసిందిగానే చెప్పుకుంటోంది. అన్నను కత్తికి పోగొట్టుకున్న మనిషి ఆ మాట రాశాడు. గెత్సేమనేలో ప్రభువు ఈ గిన్నె తొలగించమని మూడుసార్లు అడగడం, అది తొలగకపోవడం అతనికి తెలుసు. అడిగింది దొరకని ప్రార్థన అంటే ఏమిటో దేవుని కుమారుడికే తెలుసు. అందుకే ఆయన ముందు మీరు వివరణ ఇచ్చుకోవాల్సింది ఏమీ లేదు. మంచి పువ్వునే దేవుడు కోసుకుంటాడని ఎవరైనా అంటే తల ఊపకండి. పౌలు మరణాన్ని కడపటి శత్రువు అన్నాడు. శత్రువు చేసిన పనికి మీరు కృతజ్ఞతాస్తుతులు చెల్లించనక్కర్లేదు. ఆ శత్రువు నశిస్తాడని, మీ ఆయన లేస్తాడని ఎదురుచూడడమే మన నిరీక్షణ. అది ఈ రాత్రి మీ కన్నీళ్లను ఆపదు. ఆపాలని నేను అడగను.

కిడ్నీ దొరికినాయన సాక్ష్యం గురించి ఒక మాట. ఆయన సంతోషం నిజం, వాళ్లక్క త్యాగం నిజం, వాటిని కాదనకండి. కానీ ఆ రోజు లేచి బయటికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. చర్చి వెనక కాసేపు నిలబడితే పాపమేమీ కాదు. మన సంఘాల్లో బాగుపడ్డవాళ్లకు మైకు ఇస్తున్నాం, బాగుపడనివాళ్లకు ఇవ్వడం లేదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. భర్త పోయినా ఈ ఆదివారం మందిరానికి వచ్చి కూర్చున్న ఆడమనిషి విశ్వాసం ఏ స్వస్థత సాక్ష్యానికీ తీసిపోదు.

మీ జిల్లా పెద్దలకు నేను ఒక సంగతి గుర్తు చేయాలి. యోబు గ్రంథంలో అపవాది, అంటే సాతాను, వేసిన ప్రశ్న ఒక్కటే: యోబు ఊరకనే దేవునికి భయపడుతున్నాడా? ఏమీ దొరకకపోతే కూడా నమ్ముతాడా అని. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని జనం వచ్చినా ఆ కరువు కాలంలో ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమో అన్న భయం. ఇక సాయమేమీ దొరకదని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చిన మన ముత్తాతలు, ముత్తవ్వలు. ఏమీ దొరకదని తెలిసి నమ్మినవాళ్ల మనవలం మనం. మనం ఇప్పుడు కారును చూపించి దేవుడు ఉన్నాడని చెబుతున్నాం. ఆ కారు కింద అన్న బిడ్డల పొలం ఉన్నా ఎవరూ అడగడం లేదు.

మీ మరిదిని చూస్తే కడుపు మండుతోందని మీరు రాయలేదు కానీ మీ అక్షరాల్లో కనబడుతోంది. దానికి సిగ్గుపడకండి. ఆసాపు దావీదు కాలంలో ఆరాధనకు పాటలు నడిపించినవాడు. 73వ కీర్తనలో అతను సూటిగా చెప్పాడు: భక్తిహీనుల క్షేమం చూసి అసూయపడ్డాను, నా అడుగు జారడానికి కొంచెమే తప్పింది, నా హృదయాన్ని శుద్ధిగా ఉంచుకోవడం వ్యర్థమే అనుకున్నాను. అది ఆరాధన నాయకుడి మాట, మన బైబిల్లో ఉన్న మాట. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక అతను ఆ దుష్టుల అంతం గ్రహించాడు. ఆ కీర్తనలో అతని పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. దుష్టులు ఇంకా బలిసే ఉన్నారు. "నీవు నా కుడిచెయ్యి పట్టుకొని యున్నావు" అన్న ఒక్క సంగతి మాత్రం అతనికి తెలిసింది. నాకు ఆ కీర్తనలో నచ్చేది, అతను తన మండే కడుపును పక్కన పెట్టి దేవుని దగ్గరికి వెళ్లలేదు. దాన్ని తీసుకునే వెళ్లాడు.

నమ్మడమంటే నేను చెప్పేది అంతే చెల్లెమ్మా. జరిగింది న్యాయమేనని మిమ్మల్ని మీరు ఒప్పించుకోవడం విశ్వాసం కాదు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడానికి ఆయన దగ్గరికే వెళ్లడం విశ్వాసం. హబక్కూకు ఎన్నాళ్లు మొర్రపెట్టాలి అని అడిగాడు. దుష్టులు ఎందుకు వర్ధిల్లుతున్నారని యిర్మీయా నిలదీశాడు. మార్త, మరియ ఇద్దరూ ప్రభువు ముఖం మీదే, నీవు ఇక్కడ ఉండి ఉంటే మా తమ్ముడు చావకపోయేవాడు అన్నారు. ఆయన వాళ్లను గద్దించలేదు, ఏడ్చాడు.

నోరు పెగలకపోతే మీ మాటలు వెతుక్కోకండి. రాత్రి దీపం దగ్గర 88వ కీర్తన గట్టిగా చదవండి. అందులో ఒక్క ఓదార్పు మాట లేదు, చీకటితోనే ముగుస్తుంది. అయినా ప్రార్థనే. మరో రోజు 13వ కీర్తన, మరో రోజు 73. అదీ చేతకాని రోజున స్త్రీల సమాజంలో మీరు నమ్మే ఒక్కరిని పిలిచి, నా బదులు ప్రార్థించమని చెప్పండి. పక్షవాయువు వచ్చినవాడిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించినప్పుడు, ప్రభువు చూసింది ఆ మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్ని. మోయించుకోవడంలో తప్పు లేదు. నిద్ర సంగతి కూడా చిన్నగా తీసుకోకండి. చచ్చిపోతే బాగుండునని ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుని దూత ప్రసంగం చేయలేదు, నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పెట్టాడు. దగ్గర్లోని డాక్టరుకు చూపించుకోండి. మనసు మరీ బరువెక్కిన రాత్రి 14416కు ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు.

ఇప్పుడు కేసు. వెనక్కి తీసుకోకండి.

పెద్దలు మీకు చూపించేది 1 కొరింథీయులకు 6వ అధ్యాయం అయి ఉంటుంది. దాన్ని వాళ్ల ఎదుటే పూర్తిగా చదివించండి. కోర్టుకెళ్లిన సహోదరుణ్ణి పౌలు మందలించిన మాట నిజం. అంతకన్నా ముందు సంఘాన్ని మందలించాడు, సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని. ఆ తర్వాత అన్యాయం చేసేవాళ్లను, సొంత సహోదరులనే అపహరించేవాళ్లను మందలించాడు. మీ పెద్దలు అటుపక్క, ఇటుపక్క వదిలేసి మధ్యలోది ఒక్కటి పట్టుకుని విధవరాలి దగ్గరికి వచ్చారు. వాళ్లతో మర్యాదగా ఇలా అనండి: "అయ్యా, మా మరిదిని, నన్ను ఎదురెదురుగా కూర్చోబెట్టండి. పాసుబుక్కు, అడంగల్ కాపీలు, మా మామగారి నాటి కాగితాలు తెమ్మనండి. మీరు న్యాయంగా తీరిస్తే కేసు అవసరమే ఉండదు." దానికి వాళ్లు సిద్ధంగా లేకపోతే మీ ఒక్కరినే వదులుకోమనే హక్కు వాళ్లకు లేదు.

నష్టం సహించమని పౌలు అన్నాడు కదా అనొచ్చు. మీ వాటాను మీరు వదులుకోవాలనుకుంటే అది మీ ఇష్టం. మీ పిల్లల వాటా మీది కాదు. చట్టం కూడా అదే అంటుంది. మైనరు పిల్లల భూమిని తల్లి అయినా కోర్టు అనుమతి లేకుండా వదిలేయడానికి వీల్లేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, భర్త వీలునామా రాయకుండా చనిపోతే ఆయన ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగతా రెండు వంతులు పిల్లలకు వస్తాయి. మీ కుటుంబం కాగితాల్లో హిందువులుగా నమోదై ఉంటే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం లెక్కలోకి రావచ్చు. అప్పుడు వాటాలు మారతాయి, కానీ అందులోనూ భార్యా పిల్లలు మొదటి వరస వారసులే. మీకు ఏది వర్తిస్తుందో లాయరుతో తేల్చుకోండి. ఫీజు గురించి టెన్షన్ పడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మీ మరిది రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో పెట్టుకోండి. అక్కడ రాసుకున్న రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. చర్చి ఆఫీసులో తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

కోర్టుకు వెళ్లడం అవిశ్వాసం అనిపిస్తే, విసుగకుండా ప్రార్థించడం నేర్పడానికి ప్రభువు ఎవరి కథ చెప్పాడో చూడండి. న్యాయాధిపతి దగ్గరికి మాటిమాటికీ వెళ్లి నా ప్రతివాదికీ నాకూ న్యాయం తీర్చమని అడిగిన ఒక విధవరాలి కథ. సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి తండ్రి భూమిలో భాగం అడిగితే, వాళ్లు చెప్పింది యుక్తమే అని దేవుడు అన్నాడు, ఆ మీదట చట్టమే మారింది. నాబోతు అనే అతని ద్రాక్షతోటను తన భర్త అహాబు రాజుకు దక్కించడానికి యెజెబెలు రాణి ముందుగా చేసిన పని ఉపవాసదినం చాటించడం. భక్తి ముసుగులో భూమి లాక్కోవడం కొత్తేమీ కాదు. దేవుడు దాన్ని దీవెన అనలేదు. అహాబు ఆ తోటలో అడుగుపెట్టేసరికి ఏలీయాను ఎదురు పంపాడు.

క్షమించమంటున్నారు కదా, క్షమించండి. ఈ రోజే రాకపోవచ్చు, రావాలని అడగండి. అతని పిల్లలకు కీడు కోరకండి, అతనికి జబ్బు చేస్తే సంతోషించకండి. కానీ క్షమాపణ మీరు ఇవ్వాల్సింది, పొలం అతను ఇవ్వాల్సింది. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన రోజున అతను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మీ మరిది నిజమైన సాక్ష్యం చెప్పాలనుకుంటే ఆ దారి అతనికి ఇంకా తెరిచే ఉంది. అందుకోసం కూడా ప్రార్థించండి.

అబ్బాయిని ఆదివారం లాక్కెళ్లకండి. నాన్నను బాగుచేయని దేవుడి మీద అతనికి కోపం ఉందంటే, దేవుడు లేడనుకోవడం లేదనే అర్థం. ప్రభువు తిరిగి లేచాడని చెబితే శిష్యుడైన తోమా నేను నమ్మనన్నాడు. అయినా ఎనిమిది రోజుల తర్వాత మిగతా శిష్యులతో ఆ గదిలోనే ఉన్నాడు. వాళ్లు అతన్ని వెళ్లగొట్టలేదు. అబ్బాయి మీద మీ సంఘం మాటలు పడకుండా చూడండి. నాన్న గురించి ఇంట్లో మాట్లాడండి, ఏడుపొస్తే కలిసి ఏడవండి. నాన్నను దేవుడు ఎందుకు బాగుచేయలేదని అడిగితే, నాకూ తెలియదు, నేనూ అడుగుతున్నాను అని చెప్పండి. వచ్చే వాయిదాకు ముందు బడికి సెలవున్న రోజు చూసుకుని, లాయరు దగ్గరికి అతన్నీ వెంట తీసుకెళ్లండి. వాటాదారుల్లో అతని పేరు కూడా ఉంది. కాగితాలు అతని చేతికిచ్చి చదవమనండి.